దుంప మీద దుంప

ఆ రోజు పొద్దున్నే కాంపో ఎలియాస్‌కు కోపం వచ్చింది. పెళ్ళాం మీద కాదు, దేవుడి మీద కాదు, బొద్దు చిక్కుడు మీద.

మామూలుగా మనిషన్నవాడికి చిక్కుడు మీద కోపం రాదు. వస్తే గిస్తే కడుపునొప్పి వస్తుంది. కానీ పొయ్యి పక్కన ముక్కాలిపీట వేసుకుని, వేడి బెల్లం నీళ్ళలో చీజ్ ముక్క ముంచుకుని తినబోతున్న పెద్దమనిషి నెత్తిన, పెళ్ళాం ఉపోద్ఘాతం లేకుండా పిడుగు పడేస్తే ఎవరికైనా వస్తుంది.

"ఈసారి వంటింటి మడిలో బొద్దు చిక్కుడు వేస్తున్నాను" అంది ఎతెల్వినా.

"మరి బంగాళాదుంప?"

"అట్టడుగు మడిలో. రాతిగోడ పక్కన."

చీజ్ ముక్క చేతిలోంచి జారి కప్పులో మునిగిపోయింది. కాంపో ఎలియాస్ దానివంక చూడను కూడా చూడలేదు.

ఆ ఇంటి వెనక తోట కొండవాలు మీద మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంది. అన్నిటికన్నా పైమడి వంటింటి గోడను ఆనుకుని ఉంటుంది. ఆ గోడకు ఇవతల బొగ్గుల పొయ్యి. లా పేన్యా కొండ మొత్తం మంచు పడి ఆకులు మాడిపోయిన పొద్దున కూడా, ఆ ఒక్క మడి మాత్రం పొయ్యి పక్క పిల్లిలా వెచ్చగా, బద్ధకంగా పడుకుని ఉంటుంది. పోయినసారి అందులో పండిన పచ్చసొన రంగు దుంపలు ఉడికిస్తే, వెన్న రాయక్కర్లేకుండానే వెన్నలా కరిగాయి.

కాంపో ఎలియాస్ బతుకంతా తూన్హా పట్నానికీ ఈ కొండకీ మధ్య బస్సు నడిపాడు. దారి పక్క పూటకూళ్ళ ఇళ్ళలో ఏ తోటలో పుట్టాయో తెలియని దుంపల పులుసు తిన్నాడు. స్టీరింగు తిప్పినన్నాళ్ళూ ఆయనకున్న ఆశ ఒక్కటే. పని మానేశాక వంటింటి కిటికీ దగ్గర కూర్చోవాలి. కిటికీలోంచి చూస్తే దుంప మొక్కల ఊదాపూలు కనబడాలి. చెయ్యి చాపితే పొద్దుటి ఫలహారం మట్టిలోంచి చేతికి రావాలి. పోయినసారి ఆ ఆశ తీరింది. తీరిన ఆశను తిరిగి లాక్కుంటే మనిషి ఊరుకుంటాడా?

"చూడండి ఎతెల్వినా, తమరు కాస్త శాంతంగా ఆలోచించండి" అన్నాడు, తను మాత్రం పీట మీదనుంచి సగం లేచిపోయి.

ఆ బోయాకా కొండల్లో అందరూ అందరినీ 'తమరు' అనే అంటారు. తల్లి పిల్లాణ్ణి అంటుంది, మొగుడు పెళ్ళాన్ని అంటాడు. వంటింట్లో దూరిన కుక్కను కూడా "తమరు బయటికి దయచెయ్యండి" అనే చీపురు విసురుతారు. అందువల్ల అక్కడి పోట్లాటలు దూరం నుంచి వింటే పెళ్ళిచూపుల్లా ఉంటాయి.

"బొద్దు చిక్కుడు మొండిఘటం. మంచు పడితే దులుపుకుని లేస్తుంది. దానికి వెచ్చటి మడి ఎందుకు? దుంప సుకుమారం. సుకుమారాన్ని చలిలోకి తోసి, మొండిఘటాన్ని పొయ్యి పక్కన కూచోబెడతారా? ఇదేం న్యాయం?"

"తమరు చెప్పింది నిజమే."

కాంపో ఎలియాస్‌కు గుండె జారింది. ఎతెల్వినా 'నిజమే' అందంటే దాని వెనకాలే 'కానీ' ఒకటి దుడ్డుకర్ర పట్టుకుని నిలబడి ఉంటుంది.

"కానీ ఆ మడిలో తెల్లపురుగు కాచుక్కూచుంది. పోయినసారి దుంప రుచి మరిగింది. మళ్ళీ అక్కడే దుంప వేస్తే విస్తరి వేసి పిలిచినట్టు. చిక్కుడు కనబడితే తినలేక దానంతటదే పోతుంది."

"అంటే పురుగును పస్తు పెట్టడానికి నేను పస్తుండాలా?"

"తమరెందుకు పస్తుండటం? చిక్కుళ్ళు తినండి."

దుంప వెనక చిక్కుడు, చిక్కుడు వెనక ఉల్లీ క్యాబేజీ, వాటి వెనక మడికి విశ్రాంతి. విశ్రాంతి మడిలో గొర్రెలు కట్టేస్తుంది. వేసినచోట వేసింది మళ్ళీ వెయ్యదు. ఈ వరసను ఎతెల్వినా పుట్టింటి నుంచి తెచ్చుకుంది, దాంతోపాటే ఆ పచ్చసొన దుంప విత్తనాన్నీ తెచ్చుకుంది. కొండ మీద అందరి విత్తనమూ ఎప్పుడో ఒకప్పుడు పురుగు పాలైంది. ఆవిడది మాత్రం అటక మీద బుట్టలో, ఇప్పటికీ మొలకలు చూపిస్తూ నవ్వుతోంది.

"నా బస్సులో ఇలాగే చేశానా నేను?" అన్నాడు కాంపో ఎలియాస్. "డ్రైవరు సీట్లో ఒక ఏడు డ్రైవరు, మరుసటేడు కండక్టరు, ఆ పై ఏడు ఎవరిదో గొర్రె కూర్చుంటే బండి నడుస్తుందా?"

"ఒకే సీట్లో కూర్చుని కూర్చునే కదా తమరి నడుం పట్టేసింది. తోట తవ్వమని ఎన్నాళ్ళుగా అడుగుతున్నాను?"

మాట ఎటు తిప్పినా పారలోకే వెళ్ళి ఆగుతోందని గ్రహించి, ఆయన కప్పులోని చీజ్‌ను వేలితో వెతుక్కోవడంలో మునిగిపోయాడు.

---

ఆ వారంలోనే ఎతెల్వినా ఇంకో మాట చెప్పింది. చికిన్‌కిరా మాతకు మొక్కు ఉందట. చర్చి ఆడవాళ్ళతో కలిసి బస్సులో వెళ్ళి, ఒక రాత్రి అక్కడే నిద్ర చేసి, మర్నాడు వస్తుందట.

"ఎప్పుడు?"

"ఈ కృష్ణపక్షంలోనే."

కాంపో ఎలియాస్ బుర్రలో దీపం వెలిగింది. దుంప జాతి ఏదైనా ఆ కొండ మీద కృష్ణపక్షంలోనే నాటుతారు. ఇంకో ఆచారం కూడా ఉంది. నాటాక మట్టి కప్పి, దాని మీద కర్రతో సిలువ గీస్తారు. సిలువ గీసిన విత్తనాన్ని ఎవరూ తవ్వరు. తవ్వితే పాపం. ఎతెల్వినా అసలే తవ్వదు. అంటే ఆవిడ తిరిగొచ్చేసరికి వంటింటి మడిలో దుంప నాటి, సిలువ గీసేస్తే చాలు. ఆ తర్వాత ఆవిడ ఎంత అరిచినా అది మాత వింటుందేగానీ మట్టి వినదు.

నాటే కాలం చూసుకుని మరీ ఇల్లాలు ఊరెందుకు వెళ్తోందన్న ప్రశ్న ఆయనకు రాలేదు. పథకం వేసేవాడికి ప్రశ్నలు రావు, జవాబులే వస్తాయి.

ఒక్కటే చిక్కు. మడి తవ్వాలి. నడుం ఒప్పుకోదు. ఇక మిగిలింది కన్వీతే. నలుగురినీ పిలవడం, వాళ్ళచేత తవ్వించుకోవడం, కడుపునిండా పెట్టి పంపడం. ఆ తర్వాత ఎవరికి అవసరమైతే వాళ్ళ పొలానికి వెళ్ళి బదులు పని చెయ్యడం. బదులు సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు. మగవాళ్ళు వేసే పథకాలన్నిటికీ పునాది ఆ 'తర్వాతే'.

నేరుగా ప్రిమితీవో ఇంటికి వెళ్ళాడు. ప్రిమితీవో ఆయనకు కంపాద్రే. అంటే ఆయన కూతురికి బాప్తిస్మంనాడు జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు, తోడబుట్టినవాడికన్నా దగ్గరివాడు. ఊళ్ళో ఆయన్ని ఆవలింత ప్రిమితీవో అంటారు. పెళ్ళినాడు ఫాదరు "ఈమెను భార్యగా స్వీకరిస్తారా?" అనడిగినప్పుడు కూడా ముందు ఆవలించి, తర్వాతే అవునన్నాడట.

"కంపాద్రే, ఒక చిన్న కన్వీతే. రహస్యంగా."

ప్రిమితీవో తీరిగ్గా ఆవలించాడు. "రహస్యంగా కన్వీతే పెట్టడమంటే రహస్యంగా చర్చి గంట కొట్టడమే కదా కంపాద్రే?"

"నలుగురమే. గప్‌చుప్‌గా తవ్వేసి, గప్‌చుప్‌గా తినేసి వెళ్ళిపోవడమే."

"వంటెవరు?"

ఇద్దరి కళ్ళూ ఒకేసారి పొయ్యి వైపు తిరిగాయి. అక్కడ ప్రిమితీవో భార్య రోసాల్బా మొక్కజొన్న రొట్టెలు తడుతోంది. తడుతున్న చెయ్యి ఆగింది.

"నలుగురు తవ్వేవాళ్ళకు కొసీదో పులుసు వండాలంటే పెద్ద కుండ కావాలి" అంది. "మా కోమాద్రే ఎతెల్వినాకి తెలుసా ఈ సంగతి?"

"తెలుసు."

"తెలుసా?"

"తెలిసినట్టే."

"తెలిసినట్టే అంటే?"

"వచ్చాక తెలుస్తుంది."

రోసాల్బా రొట్టెను ఇంకో రెండు దెబ్బలు గట్టిగా తట్టింది. "సరే. కొసీదోలో ఉప్పు తమరికి ఎంత ఉండాలి?"

"ఎతెల్వినా వేసినంత."

"అయితే కనుక్కుంటాను... అదే, గుర్తు తెచ్చుకుంటాను."

మొగుడు ఆ మాట విని కూడా ఆవలించాడు. కాంపో ఎలియాస్ అసలు వినలేదు.

మూడో మనిషి గంట అబ్దోన్. చర్చిలో గంట కొట్టేది ఆయనే. గంట కింద నిలబడి నిలబడి చెవులు సగం పోయాయి, పోయిన సగమూ గొంతులోకి వచ్చి చేరింది. ఆయన గుసగుసలాడితే అవతలి కొండ మీద కుక్కలు లేస్తాయి. కానీ పార పట్టాడంటే మట్టి దానంతటదే తిరగబడుతుంది. అందుకని కాంపో ఎలియాస్ చర్చి వెనక ఆయన్ని పట్టుకుని, చెవిలో నోరు పెట్టి సంగతి చెప్పాడు.

"ఏమిటీ? రహస్యమా?" అన్నాడు అబ్దోన్. "దోన్య ఎతెల్వినాకు తెలియకుండా కన్వీతేనా? అలాగే! ఎవరికీ చెప్పను!"

చర్చి కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి.

---

ఎతెల్వినా నల్ల టోపీ, మంచి శాలువా వేసుకుని బయలుదేరింది. తోట సంగతి ఒక్క ముక్క కూడా ఎత్తలేదు. గుమ్మం దాటుతూ మాత్రం అంది.

"అటక మీద విత్తనాల బుట్ట ఉంది. ఎక్కనివ్వకండి."

"నేనెందుకు ఎక్కుతాను?" అన్నాడు కాంపో ఎలియాస్ ఉలిక్కిపడి.

"తమరు కాదు. కోళ్ళు."

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ నిలబడిపోయాడు. బస్సు మలుపు తిరిగిందో లేదో నిచ్చెన వేశాడు.

బుట్ట దించి మడి గట్టు మీద పెట్టేసరికి జనం రావడం మొదలైంది. ప్రిమితీవో వచ్చాడు. అబ్దోన్ వచ్చాడు. వాళ్ళ వెనక పిలవని వాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక వాళ్ళ బావమరుదులు వచ్చారు. అందరి భుజాల మీదా పారలు, అందరి ముఖాల మీదా ఒకటే నవ్వు.

"రహస్యమని విన్నాం" అన్నాడు ఒకాయన. "అందుకే పొద్దున్నే వచ్చాం."

కాంపో ఎలియాస్‌కు ఒళ్ళు మండిపోయింది. ఇంతమందికి బదులు పని చేస్తూపోతే ఆయన మళ్ళీ నడుం వాల్చేది శవపేటికలోనే. కానీ ఇంటి ముందుకొచ్చిన పారను వెనక్కి పంపడం ఆ కొండ మీద లేదు. రోసాల్బా ఒక పక్క పెద్ద కుండ ఎక్కించేసింది. పులిసిన చెరకు పానకం కడవ మూత కూడా తీసేసింది.

తవ్వకం మొదలైంది. వాళ్ళు వంటింటి మడి తవ్వారు. ఊపు ఆగక కింది మడి తవ్వారు. దాని కింది మడి, రాతిగోడ పక్కన అట్టడుగు మడి, అన్నీ తవ్వి చాళ్ళు తీశారు. గొర్రెల దొడ్డిలోంచి ఎరువు మోసి పోశారు. ఎతెల్వినా ఎన్నాళ్ళుగానో అడుగుతున్న పనంతా పొద్దు నడినెత్తికి రాకముందే అయిపోయింది.

"ఇక దుంప నాటేద్దాం" అన్నాడు కాంపో ఎలియాస్, అరచేతులు రుద్దుకుంటూ. "ఇదిగో, ఈ పైమడిలో."

పారలన్నీ ఆగాయి.

"ఇందులో పోయినసారి ఏముంది కంపాద్రే?" అన్నాడు ప్రిమితీవో. ఆవలించకుండా అడిగాడు. అందుకే కాంపో ఎలియాస్‌కు భయం వేసింది.

"దుంపే."

"దుంప మీద దుంపా?"

"ఏం? నా మడి, నా దుంప, నా ఇష్టం."

"తమరి ఇష్టమే. తవ్వమంటే తవ్వాం. నాటడం మాత్రం నా చేత్తో కాదు. పురుగు నా చెయ్యి గుర్తుపెట్టుకుంటే నా పొలం దాకా వస్తుంది."

"పురుగుకు తమరి చెయ్యి గుర్తుంటుందా! తమరి పేరు తమరికే గుర్తుండదు!"

తలా ఒక మాట. బఠాణీ వెయ్యాలని ఒకడు, ఉల్లి అని ఒకడు, బార్లీ చల్లి ఊరుకోమని ఒకడు. కందకు లేని దురద కత్తిపీటలన్నిటికీ ఒకేసారి పుట్టింది. కాంపో ఎలియాస్ గొంతు చించుకున్నాడు.

"అసలు ఈ తోట ఎవరిది? చెప్పండి! ఎవరిది?"

"దోన్య ఎతెల్వినాది!" అన్నాడు అబ్దోన్.

అది అవతలి కొండకు వెళ్ళి, అక్కడ తగిలి, ఇంకొకసారి వినపడింది. కొండ కూడా ఆవిడ పక్షమే.

"ముందు తినండి" అని రోసాల్బా కేకేసింది. "పోట్లాట చల్లారినా తినొచ్చు, కొసీదో చల్లారితే తినలేం."

దుంపలూ, చిక్కుళ్ళూ, మొక్కజొన్న కండెలూ, పంది ఎముకా అన్నీ ఒకే కుండలో ఉడికిన ఆ పులుసు నోట్లో పెట్టుకోగానే అందరూ చల్లబడ్డారు, కాంపో ఎలియాస్ తప్ప. ఆయన తింటూ కూడా రుసరుసలాడాడు. ఉప్పు మాత్రం అచ్చం ఎతెల్వినా వేసినంతే ఉంది. దానికీ కోపం వచ్చింది.

తిన్నాక కడవ ఇంకోసారి తిరిగింది. ప్రిమితీవో గట్టు మీద వెల్లకిలా పడుకుని, పైమడి వంక చూస్తూ, కలలో మాట్లాడినట్టు అన్నాడు.

"ఎంత మెత్తగా ఉందో. అచ్చం తేహో ఆడే బురదలా ఉంది."

అనకూడని మాట అనేశాడు. బోయాకా కొండల్లో మెత్తటి మట్టి చూసిన మగవాడికి రెండే గుర్తొస్తాయి. ఒకటి దుంప, రెండోది తేహో. మొదటిదాని మీద రాజీ కుదరలేదు. భుజాల మీది రువానా కంబళ్ళ మడతల్లోంచి ఇనప బిళ్ళలు బయటికొచ్చాయి. ఎవడి జేబులోంచో తుపాకిమందు పొట్లాలు వచ్చాయి. పొట్లాలు మట్టిలో గుచ్చి, దూరం నుంచి బిళ్ళ విసరాలి. పొట్లం మీద పడితే ఢాం.

"నా మడిలోనా! సిగ్గు లేదా తమరికి!" అని కాంపో ఎలియాస్ చేతులడ్డం పెట్టాడు.

అంతలో ప్రిమితీవో బిళ్ళ పొట్లానికి బెత్తెడు దూరంలో పడింది. "తగిలింది, పేలలేదంతే" అన్నాడు ప్రిమితీవో.

"తగల్లేదు!"

"తగిలింది కంపాద్రే."

కాంపో ఎలియాస్ ఒకప్పుడు బస్సు డ్రైవర్లందరిలోకీ తేహో మొనగాడు. అన్యాయం దేన్నైనా సహించేవాడుగానీ తేహోలో దొంగలెక్క సహించలేడు. "బిళ్ళ ఇలా ఇవ్వండి! తగలడమంటే ఏమిటో చూపిస్తాను!" అని రువానా భుజం మీదికి ఎగదోశాడు. నడుం నొప్పి ఎటు పోయిందో తెలియదు. విసిరాడు.

ఢాం.

పక్క పొట్లం కూడా అంటుకుంది. ఢాం, ఢాం.

దొడ్డి తడిక విరిగింది. గొర్రెలన్నీ ఒక ఉన్ని మేఘంలా తోటలోకి వచ్చిపడ్డాయి. అన్నిటికన్నా ముందు వచ్చిన పొట్టేలు గట్టు మీదున్న విత్తనాల బుట్టను నెత్తితో ఒక్క కుమ్ము కుమ్మింది.

బుట్ట తిరగబడింది. పచ్చసొన దుంపలు వాలు పట్టాయి. పైమడి గట్టు దాటాయి. కింది మడి, ఆ కింది మడి ఎగురుకుంటూ దాటాయి. కాంపో ఎలియాస్ "పట్టుకోండి! మా అత్తగారి విత్తనం! పట్టుకోండి!" అని వెంటపడ్డాడు. ఆయన వెంట గొర్రెలు పడ్డాయి. గొర్రెల వెంట బావమరుదులు పడ్డారు. దుంపలు మాత్రం ఎవరికీ దొరక్కుండా దొర్లి దొర్లి, రాతిగోడ పక్కన అట్టడుగు మడిలో, అప్పుడే తీసిన చాళ్ళలో వరసగా వెళ్ళి కూర్చున్నాయి. పెళ్ళి బంతిలో కూర్చున్నట్టు కూర్చున్నాయి.

అందరూ గట్టు మీద నిలబడి చూశారు.

"తమరికన్నా దుంపలకు బుద్ధుంది కంపాద్రే" అన్నాడు ప్రిమితీవో.

"ఏరండి! ఏరి పైకి తెండి!"

కానీ అబ్దోన్ అప్పటికే టోపీ తీసేశాడు. "ఇది మాత చిత్తం!" అన్నాడు. మాతకు నేరుగా చికిన్‌కిరాలోనే వినిపించి ఉంటుంది. పదిమందీ పది పారలతో మట్టి కప్పేశారు. కాంపో ఎలియాస్ గట్టు దిగి వచ్చేలోగా అబ్దోన్ కర్ర తీసుకుని, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ఇంత పొడవు సిలువ గీసేశాడు.

ఏ సిలువను నమ్ముకుని కాంపో ఎలియాస్ పథకం వేశాడో ఆ సిలువే ఇప్పుడు అడ్డంగా పడుకుని ఆయన్ని చూస్తోంది. తవ్వడానికి లేదు. ఆయన సిలువ వంకా, అబ్దోన్ వంకా, పొట్టేలు వంకా వరసగా చూశాడు. ముగ్గురిలో ఎవరిని తన్నాలో తేలలేదు.

కాళ్ళీడ్చుకుంటూ పైకి వచ్చేసరికి అక్కడ ఇంకో ఘోరం జరుగుతోంది. రోసాల్బా పైమడిలో వంగి, తేహో బిళ్ళ పడిన ప్రతి గుంటలోనూ ఒక బొద్దు చిక్కుడు గింజ వేసి, కాలి బొటనవేలితో మట్టి తోస్తోంది.

"ఏమిటది కోమాద్రే? తమరిని ఎవరు వెయ్యమన్నారు?"

"గుంటలు ఖాళీగా ఉన్నాయి కదా కంపాద్రే" అంది రోసాల్బా. "తమరి గుంట అన్నిటికన్నా లోతు. దాన్లో రెండు వేశాను."

---

మర్నాడు మధ్యాహ్నం ఎతెల్వినా బస్సు దిగింది. కాంపో ఎలియాస్ గుమ్మంలో నిలబడి, రాత్రంతా కూడదీసుకున్న మాటలు ఇంకోసారి నెమరు వేసుకున్నాడు. గొర్రెల మీద కొంత, ప్రిమితీవో మీద కొంత, ప్రభుత్వం మీద మిగతాది తోసెయ్యాలని ఆయన ఉద్దేశం.

ఆవిడ నేరుగా పెరట్లోకి వెళ్ళింది. తవ్విన మడులు చూసింది. అట్టడుగున సిలువ చూసింది. పైమడిలో, బిళ్ళలు పడ్డ చోటల్లా సర్ది కప్పిన మట్టి చూసింది. వంటింట్లోకి వచ్చి టోపీ తీసి చిలక్కొయ్యకు తగిలించింది.

"మొన్న రోసాల్బా వచ్చి, కన్వీతేలో మీ ఆయనకు ఉప్పెంత వెయ్యాలని అడిగింది" అంది.

కాంపో ఎలియాస్ కూడదీసుకున్న మాటలన్నీ నోట్లోనే కుప్పకూలాయి.

"'మీ ఆయన ఏదో మాయ చేస్తున్నాడు కోమాద్రే' అని కూడా అంది. నాకెంత కోపం వచ్చిందో. 'మా ఆయన అలాంటి మనిషి కాదు. నేను లేనప్పుడు తోటంతా తవ్వించి, దుంప అడుగునా చిక్కుడు పైనా వేయించి, నేను వచ్చేసరికి చూపించి సంతోషపెడదామనుకుంటున్నాడు పాపం' అన్నాను. విత్తనం గింజలు కూడా ఆవిడ చేతికే ఇచ్చి వెళ్ళాను. తప్పన్నానా?"

ఆయనకు ఒకవైపు నుయ్యి, ఇంకోవైపు గొయ్యి, మధ్యలో పెళ్ళాం పరిచిన పట్టుతివాచీ.

"తప్పేముంది" అన్నాడు గొంతు సవరించుకుని. "అదే... సంతోషపెడదామనే."

"నాకు తెలుసు" అంది ఎతెల్వినా, పొయ్యిలో బొగ్గులు ఎగదోస్తూ.

అక్కడితో ఊరుకుంటే ఎతెల్వినా ఎందుకవుతుంది? ఆదివారం పూజ అయ్యాక చర్చి ముంగిట్లో ఆడవాళ్ళందరికీ చెప్పింది. ఆయనకు ఎంత తెలివి! దుంప వెనక దుంప వెయ్యకూడదని ఎంత పట్టుదల! తనే అడ్డు చెప్పినా వినేవాడు కాదట. ఆడవాళ్ళు తమ మొగుళ్ళ వంక చూశారు. మొగుళ్ళు కాంపో ఎలియాస్ వంక చూశారు. వాళ్ళందరికీ అసలు సంగతి తెలుసు. కానీ తామూ ఆ మడిలో తేహో ఆడినవాళ్ళే కాబట్టి, ఎవరూ నోరెత్తలేదు. బుద్ధిగా తలలూపారు.

నిజం తెలిసిన సాక్షులందరూ అబద్ధానికి తలూపుతుంటే మధ్యలో నిలబడి పొగడ్తలు మింగడమంత నరకం ఇంకోటి లేదు. "ఇంతకన్నా ఆవిడ నాలుగు తిడితే పోయేది!" అని కాంపో ఎలియాస్ దారి పొడుగునా పళ్ళు నూరాడు.

---

ఆ పైన బదులు పని మొదలైంది. ప్రిమితీవో పొలంలో ఆయన తవ్వుతుంటే ప్రిమితీవో గట్టు మీద ఆవలించాడు. పిలవని పేరంటాళ్ళ పొలాలూ, వాళ్ళ బావమరుదుల పొలాలూ తవ్వాడు. ప్రతిచోటా ఎవరో ఒకరు "ఇక్కడ ఏం వెయ్యాలంటారు దోన్ కాంపో ఎలియాస్?" అని పెద్దమనిషిని అడిగినట్టు అడగడం, లోపల్లోపల నవ్వుకోవడం. ఆయన కోపం అణచుకుని జవాబు చెప్పేవాడు. చెప్పక చస్తాడా, తెలివిగలవాడని ఊరంతా కూసిందాయె.

చివరికి అబ్దోన్ వంతు వచ్చింది. చర్చి గోడ పక్కన ఎండ తగిలే చక్కటి మడి. అబ్దోన్ పెళ్ళి చేసుకోలేదు. ఆయన్ని పెళ్ళి చేసుకుంటే చెవులు పోతాయని ఊళ్ళో ఆడపిల్లలందరికీ తెలుసు.

మడి తవ్వడం అయ్యాక అబ్దోన్ దుంపల బుట్ట తెచ్చి కాంపో ఎలియాస్ ముందు పెట్టాడు. తనకు చేతనైనంత మెల్లగా అన్నాడు.

"ఇందులో పోయినసారి దుంపే వేశాను. మళ్ళీ దుంపే వేద్దామనుంది. నాకు అడ్డు చెప్పే ఆడదిక్కు లేదు. ఆ రోజు తమరి సరదా తీరలేదు కదా, రండి, ఇక్కడ తీర్చుకోండి. సిలువ కూడా తమరే గియ్యండి."

కాంపో ఎలియాస్ చుట్టూ చూశాడు. ప్రిమితీవో లేడు. రోసాల్బా లేదు. పొట్టేలు లేదు. వెచ్చటి మడి, మెత్తటి మట్టి, చేతి నిండా దుంపలు. తను అడిగింది ఇదే కదా. ఒక దుంప తీసుకుని చాలులోకి వంగాడు.

చెయ్యి కిందికి వెళ్ళలేదు.

ఇంకోసారి వంగాడు. వెళ్ళలేదు. ఆ మట్టి కింద ఎక్కడో, మెడకు తువ్వాలు కట్టుకుని, నోరు తెరుచుకుని కూర్చున్న తెల్లపురుగే కళ్ళకు కట్టింది. ఒళ్ళంతా మండిపోయింది. దుంపను తిరిగి బుట్టలోకి గిరాటేశాడు.

"దుంప మీద దుంపా? తమరికి బుద్ధుందా అబ్దోన్? గంట కొట్టీ కొట్టీ బుర్రలో కూడా బోలు మిగిలిందా? విత్తనం దండగ చేస్తే మళ్ళీ ఎవరిస్తారు తమరికి? చిక్కుడు వెయ్యాలి! బొద్దు చిక్కుడు! ఈమాత్రం తెలియదూ?"

అబ్దోన్ బిక్కముఖం వేశాడు. "మరి నా దగ్గర చిక్కుడు గింజలు లేవే!"

"లేకపోతే బీడు పెట్టండి! గొర్రెలు కట్టండి! తమరే పడుకోండి! నా చేత్తో మాత్రం దుంప వెయ్యను!"

అంత కోపంలో ఆకలి కూడా తెలిసింది. గట్టు మీద కూలబడి, పొద్దున ఎతెల్వినా కట్టిచ్చిన భోజనం మూట విప్పాడు. మొక్కజొన్న రొట్టెలున్నాయి. ఉడికించిన గుడ్డుంది. రొట్టెల అడుగున, గుడ్డపేలికలో ముడివేసిన చిన్న మూట ఇంకొకటి ఉంది. చేతికి గరగరలాడింది.

ముడి విప్పాడు. బొద్దు చిక్కుడు గింజలు. ఏరి, ఎండబెట్టిన విత్తనం గింజలు, సరిగ్గా అబ్దోన్ మడికి సరిపోయేన్ని.

కాంపో ఎలియాస్ వాటి వంక చూశాడు. ఎదురుగా కొండ మీద తన వంటింటి పొగ వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మనిషి మీద ఇంత నమ్మకమా!" అన్నాడు మండిపడుతూ. "ఎంత ధైర్యం ఆవిడకి!"

"ఏమిటీ?" అన్నాడు అబ్దోన్.

"ఏం లేదు. గుంటలు తియ్యండి" అన్నాడు కాంపో ఎలియాస్.